అడుసు తొక్కనేల?

తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి పెట్రోలు తగాదాకు మధ్యవర్తిగా పిలవడం లోకంలో ఇదే మొదటిసారి అయివుంటుంది. పిలిచినవాడు మా బావమరిది. కృష్ణా డెల్టాలో ఒక చిన్న వూళ్లో అతనికి పెట్రోలు బంకు వుంది.

"బావగారూ, మీరొకసారి వచ్చి పక్కింటి మామ్మగారికి నచ్చచెప్పాలి. మీ మాటంటే ఆవిడకు గురి" అన్నాడు.

సంగతేమిటంటే, మామ్మగారి నూతి నీళ్లు వాసన వేస్తున్నాయి. చేద పైకి లాగితే నీటిమీద రంగురంగుల తెట్టు. ఆవిడ నాలుగు రోజులు కాచి చల్లార్చి తాగారట.

"కాస్తే పోదా నాయనా?" అని నన్నడిగారు.

ఏం చెప్పను? నాకు ఛందస్సు తెలుసుగాని నూతిలో ఏముందో ఏం తెలుసు? మర్నాడు మా కాలేజీ కెమిస్ట్రీ లెక్చరరుగారిని వెంటబెట్టుకు వెళ్లాను.

ఆయన వస్తూనే నూతి దగ్గరికి దీపమూ అగ్గిపుల్లా రాకూడదన్నారు. ఆ నీళ్లు తాగడానికే కాదు, వంటకూ స్నానానికీ కూడా పనికిరావట. కాస్తే ఆ ఆవిరి వంటింట్లోకే వస్తుంది. పెట్రోలులో బెంజీను వుంటుంది, అది కాన్సరు తెచ్చే పదార్థం. తాగేనీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. మన దేశంలో 2020 నుంచి అమలులో వున్న నిబంధన ప్రకారం పెట్రోలులో నూటికి ఒక పాలు దాకా బెంజీను వుండవచ్చు. లెక్చరరుగారు కాగితంమీద లెక్క కట్టి చూపించారు. అలాంటి పెట్రోలు ఒక్క లీటరు చాలు, 8 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దు దాటించడానికి!

మావాడి మొహం వాడిపోయింది. "పైన రెండడుగుల మన్ను తీసి, కొత్త మన్ను పోసి, సిమెంటు చేయించేస్తాను" అన్నాడు.

"కురుపుమీద గంధం పూసినట్టు!" అని ఆయన అసలు వైద్యాలు ఏకరువు పెట్టారు.

మొదటిది, చెడిన మన్నంతా తవ్వి తరలించడం. పని త్వరగా తెములుతుంది. కాని ఆ మన్ను ఎక్కడ పోస్తారు? అనుమతి వున్న చోటికి పంపకపోతే మన కష్టం పక్కవూరి చెరువుకు చేరుతుంది. రెండవది, భూమిలోకి గొట్టాలు దించి పంపుతో ఆవిరిని పీల్చడం. ఇసక నేలలో బాగా పనిచేస్తుంది. మనది నల్లరేగడి, గాలి ఆడదు. పైగా డెల్టాలో కొద్ది అడుగుల్లోనే నీరు తగులుతుంది. మూడవది, హైడ్రోజన్ పెరాక్సైడు వంటి మందులు భూమిలోకి ఎక్కించడం. రేగడిలో మందు సమంగా పాకదు. వేడీ వాయువులూ పుడతాయి గనక ట్యాంకుల పక్కన ప్రమాదం. నాలుగవది, సూక్ష్మజీవులచేత తినిపించడం. అవి మట్టిలోనే వుంటాయి. గాలీ, తేమా, నత్రజని, భాస్వరం అందిస్తే చాలు. 1989లో అలాస్కా తీరంలో ఓడనుంచి నూనె ఒలికినప్పుడు రాళ్లమీద ఎరువులు చల్లింది ఇందుకే.

"అయితే పేడా యూరియా కలిపి ఎండలో ఆరబోస్తే సరి!" అన్నాడు మావాడు, ప్రాణం లేచివచ్చి.

"ఆరబోస్తే పెట్రోలు గాలిలో కలుస్తుంది. అది పోవడం కాదండీ, చిరునామా మార్చడం. డీజిలయితే వేరు సంగతి, దానికి ఆవిరి తక్కువ."

చివరికి తేలిందేమిటంటే, ముందు కారే గొట్టం మార్చాలి. నీటిమీద తేలే పెట్రోలు తీయించాలి. చెడిన మన్ను తవ్వి, మందపాటి ప్లాస్టిక్ పట్టామీద గుట్ట పోసి, పైన కప్పి, లోపల గొట్టాలు పెట్టి గాలి ఆడించాలి. బయటికి వచ్చే గాలిని బొగ్గు వడపోత గుండా వదలాలి. నూతి నీరు తోడి శుద్ధి చేయాలి. నెలల తరబడి పరీక్షలు చేయిస్తూ వుండాలి.

అప్పుడు నాకో అనుమానం వచ్చింది. "రోజూ ట్యాంకులో కొలకర్ర దించి లెక్క రాస్తావు గదోయ్, ఆ పుస్తకం చూపించు" అన్నాను. మూడు వారాలుగా రోజూ తరుగే!

"ఎండకు ఆవిరవుతోందనుకున్నాను బావగారూ" అన్నాడు తల వంచుకుని.

అంకెలు అబద్ధమాడలేదు. వాటికి ఆవిరి అని పేరు పెట్టింది మనం.

నేను మామ్మగారికి నచ్చచెప్పలేదు. అతన్నే ఆవిడ అరుగుమీదికి తీసుకువెళ్లి కూర్చోబెట్టాను. అతను సర్వం చెప్పాడు, పుస్తకం సంగతితో సహా. ఖర్చు తనదేనన్నాడు. రోజూ మంచినీళ్లు తెప్పిస్తానన్నాడు.

ఆవిడ కోప్పడలేదు. "ఆ మాట ముందే చెబితే, ఆ నాలుగు రోజులూ తాగకపోదును గదా నాయనా" అన్నారు.

కంపెనీ వారికీ, కాలుష్య నియంత్రణ మండలికీ ఉత్తరాలు నేనే రాసిపెట్టాను. నా ఎమ్మే పనికివచ్చింది అక్కడొక్కచోటే. ఆరు నెలలయింది. గుట్టలో వాసన తగ్గింది. నూతిమీద మూత ఇంకా తీయలేదు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. తొక్కినవాడు కడుక్కోవచ్చు. పక్కింటివారి కాలికి అంటినదాన్ని కడగడమే కష్టం.