బండి ఆగిందా, ఆపారా?

ఈ నెల పాఠం రోడ్డు మీద.

మన పెద్దలు ఒప్పంద కూలీలుగా ఓడలెక్కి మారిషస్‌కీ, నటాల్‌కీ వెళ్లారు. ఈ కాలం తెలుగువాళ్లు ఎందరో పని కోసం గల్ఫ్‌కి వెళ్తున్నారు. మీరు ఒమాన్‌లో ఉన్న చుట్టాలను చూడడానికి వెళ్లారనుకోండి. మస్కట్ నుంచి సొహార్‌కి తీరం వెంబడి వెళ్తుంటే, సువైక్ దాటాక, సహమ్ రాకముందు ఖబూరా వస్తుంది. జూన్ నెల, మిట్టమధ్యాహ్నం. అక్కడ మీ కారు ఆగిపోయింది.

ముందు ప్రాణం, తర్వాత ఇంజిన్. నడుస్తుండగా ఇంజిన్ ఆగితే స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకు గట్టిపడుతుంది. బ్రేకును పదే పదే తొక్కకండి, నిలకడగా నొక్కుతూ బండిని పక్కకు తీయండి. పూర్తిగా నిలిచేదాకా తాళంచెవి తీయకండి. తీస్తే స్టీరింగు లాక్ పడవచ్చు. దిగి రోడ్డుకు దూరంగా, నీడలో నిలబడండి. ప్రమాదం అనిపిస్తే 9999కి ఫోన్ చేయండి.

గ్యారేజీలో తెలుగు మెకానిక్ దొరికితే మీ అదృష్టం. కానీ “అన్నా, బండి చెడిపోయింది” అంటే ఆయనకు ఏమీ తెలియదు. ఏం చేస్తే ఏమవుతోందో చెప్పాలి. ఆ “తే” మన ఈ నెల పాఠం. తిప్పు, తిప్పితే. వేడెక్కు, వేడెక్కితే. చల్లారు, చల్లారితే.

“తాళం తిప్పితే టక్ టక్ అంటోంది, సెల్ఫ్ తిరగడం లేదు.” సెల్ఫ్ అంటే ఇంజిన్‌ను మొదట తిప్పే మోటారు. ఇక్కడ ముందు బ్యాటరీని అనుమానించాలి. బండి కాసేపు ఆపి ఉంచాక మంచి బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది. టెర్మినళ్లకు చిలుము పట్టినా ఇలాగే అవుతుంది.

“సెల్ఫ్ తిరుగుతోంది, కానీ ఇంజిన్ అందుకోవడం లేదు.” పెట్రోలు రావడం లేదేమో, ప్లగ్గులో నిప్పురవ్వ పడడం లేదేమో. చాలా కార్లలో తాళం ఆన్‌లో పెడితే వెనక సీటు వైపు నుంచి ఒకటి రెండు సెకన్లు సన్నని మోత వినిపిస్తుంది. అది పెట్రోలు పంపు. ఆ మోత లేకపోతే ముందు పంపు ఫ్యూజూ, రిలే చూడమనండి.

“వేడెక్కితే ఆగుతోంది, చల్లారితే స్టార్ట్ అవుతోంది.” అన్నిటికంటే విలువైన వాక్యం ఇది. ఇగ్నిషన్ కాయిల్ గానీ, క్రాంక్ సెన్సర్ గానీ వేడికి పని మానేస్తూ ఉండవచ్చు. గ్యారేజీకి చేరేసరికి బండి చల్లారి చక్కగా నడుస్తుంది. మీరు ఈ మాట చెప్పకపోతే మెకానిక్‌కు లోపం కనిపించదు. ఒక్కో సామానూ మారుస్తూ పోతారు. డబ్బు పోతుంది, బండి మళ్లీ ఎండలోనే ఆగుతుంది. “వేడిగా ఉన్నప్పుడే చూడన్నా” అని అడగండి.

చివరగా ఒక చిన్న తేడా. “బండి ఆగింది” అంటే దానంతటదే నిలిచిపోయింది. “బండి ఆపాను” అంటే మీరే నిలిపారు. ఆగు, ఆపు: మూలంలో ఒక్క అక్షరమే మారింది. కానీ మెకానిక్ చేతులు ఎక్కడ వెతకాలో ఆ అక్షరమే చెబుతుంది.

వచ్చే నెలలోపు మీ ఇంటి బండి గురించి మూడు “తే” వాక్యాలు రాసి, పెద్దవాళ్లకు చదివి వినిపించండి.