మూడడుగుల చోటు

‘బైకు లేన్’ అనే మాట ఈమధ్య పేపర్లలో తరచూ కనిపిస్తోంది. మా తిరువూరులో ఎవరినైనా ఆపి, ‘బైకు లేన్ వేస్తే ఎలా ఉంటుందండీ?’ అని అడిగి చూడండి. ‘భేషుగ్గా ఉంటుంది, పల్సర్లూ స్ప్లెండర్లూ హాయిగా పోతాయి’ అంటారు. కాదండీ, అది సైకిళ్ల కోసం అని చెప్పండి. ‘సైకిళ్లకా! ఇప్పుడెవరు తొక్కుతున్నారు?’ అని నవ్వేస్తారు.

ఎవరు తొక్కుతున్నారో తెలియాలంటే ఉదయం ఎనిమిదిన్నరకు బోసుబొమ్మ సెంటర్లో ఓ పది నిమిషాలు నిలబడితే చాలు. వీపున పుస్తకాల సంచులతో హైస్కూలు పిల్లలు, హ్యాండిలుకు అన్నం క్యారియర్ తగిలించుకున్న తాపీ పనివాళ్లు, పాల క్యాన్లవాళ్లు. వీళ్లెవరూ ఒళ్లు తగ్గించుకోవడానికి తొక్కడం లేదు. పనికోసం, చదువుకోసం తొక్కుతున్నారు. నవ్వేవాళ్లకు కనిపించరు, అంతే.

ఇంకో చిక్కేమిటంటే మా మెయిన్ రోడ్డు మా ఒక్కరిదీ కాదు. విజయవాడ నుంచి భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ పోయే జాతీయ రహదారి. ఒకప్పుడు దాని నంబరు 221, ఇప్పుడు 30. నంబరు మారింది గానీ లారీలు మారలేదు. రోడ్డు వారన బండ్లు బారులు తీరి ఉంటాయి. ఆ బారు దాటి సైకిలు పిల్ల పక్కకు జరిగిందంటే వెనకాల లారీ హారన్. అప్పటిదాకా ఆగి ఉన్న కారు తలుపు తటాలున తెరుచుకుంటే ఆ పిల్ల ఎటు పోవాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత ఎవరిదీ కాదు.

మా చిన్నప్పుడు అద్దె సైకిలు తీసుకుని ఇలాంటి రోడ్డుమీదే తొక్కడం నేర్చుకున్నాం. ముందు దొంగతొక్కుడు, తర్వాత బారు మీద, మోకాళ్లు రెండూ చెక్కుకుపోయాక సీటు మీద. పడితే దులుపుకుని లేచేవాళ్లం. ఈ రోజున పిల్లలకు పడే హక్కు కూడా లేదు.

ఈ మాటే తెలిసిన ఒక దుకాణదారు దగ్గర ఎత్తాను. ‘షాపుల ముందు బండ్లు ఆపడం తగ్గించి సైకిళ్లకు కాస్త దారి వదిలితే?’ అన్నాను.

‘మా పొట్ట కొట్టడానికొచ్చారా మాస్టారూ? బండి ఆపే చోటు లేకపోతే గిరాకీ ఎక్కడి నుంచి వస్తుంది?’ అన్నాడాయన.

ఆయన భయం తీసిపారేసేది కాదు. పల్లెల నుంచి వచ్చేవాళ్లు మోటారు సైకిలు మీదే వస్తారు. ఎరువు బస్తా కొన్నవాణ్ణి అర కిలోమీటరు మోసుకుపొమ్మనలేం. ‘అయితే ఇప్పుడు మీ ముందున్న బండ్లు ఎవరివో లెక్కపెడదామా?’ అన్నాను. మొత్తం తొమ్మిది. ఒకటి ఆయనదే. ఒకటి ఆయన బావమరిదిది. రెండు గుమాస్తాలవి. మూడు, పొద్దున్నే అక్కడ పెట్టి విజయవాడ బస్సెక్కిన వాళ్లవి, మళ్లీ సాయంత్రానికి గానీ రారు. మిగిలిన రెండూ గిరాకీవి. ఆయన కాసేపు తల గోక్కుని ‘టీ తాగుతారా?’ అన్నాడు.

ఇది మా ఊరి వింతేమీ కాదు. కెనడాలోని టొరంటోలో బ్లూర్ స్ట్రీట్ అని పెద్ద బజారుంది. 2009లో అక్కడ ఒక అధ్యయనం చేస్తే, కొనడానికి వచ్చేవాళ్లలో కార్లలో వస్తున్నది పదిమందిలో ఒక్కరేనని తేలింది. 2016లో ఆ వీధిలో కొంత పార్కింగ్ తీసేసి సైకిళ్లకు దారులు వేశారు. తర్వాత లెక్క చూస్తే వచ్చే జనమూ, వాళ్లు పెట్టే ఖర్చూ పెరిగాయే గానీ తగ్గలేదు. అయినా గొడవ ఆగలేదు. ఆ దారుల్ని తొలగించడానికి 2024లో అక్కడి రాష్ట్ర ప్రభుత్వం ఏకంగా చట్టం చేసింది. అది ప్రాణరక్షణ హక్కుకు విరుద్ధమని 2025 జులైలో కోర్టు కొట్టేసింది.

అంత దూరం ఎందుకు, పెళ్లి చీరలకోసం మనవాళ్లు వెళ్లే చెన్నై పాండీబజారే చూడండి. బండ్లతో కిక్కిరిసిన ఆ రోడ్డు పక్కన పార్కింగ్ తగ్గించి, కాలిబాటలు వెడల్పు చేసి 2019లో జనానికి అప్పగించారు. బజారు మూతపడలేదు.

గీత గీసినంత మాత్రాన పని జరుగుతుందనుకోవడం కూడా పొరపాటే. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డులో 2020లో సైకిళ్లకు దారి విడదీస్తే, అడ్డంగా పాతిన స్తంభాలు విరిగాయి, మోటారు సైకిళ్లు దూరాయి. హైదరాబాదులో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్ వేసి పైన సోలార్ పలకలు పరిచారు. చూడముచ్చటగానే ఉంది. కానీ క్యారియర్ తగిలించుకుని పనికి పోయే మేస్త్రీకి ఆ నీడ ఎంతవరకు దక్కుతుంది?

అసలు నష్టపోయేది ఎవరో బీహార్ చెబుతుంది. 2006లో అక్కడి ప్రభుత్వం తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లిచ్చింది. దానివల్ల హైస్కూల్లో చేరే అమ్మాయిలు 32 శాతం పెరిగారని కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. బడి దూరంగా ఉన్న ఊళ్లలో ఫలితం మరీ ఎక్కువట. మన రాష్ట్రంలోనూ ‘బడికొస్తా’ పేరుతో అమ్మాయిలకు సైకిళ్లిచ్చారు. సైకిలైతే ఇచ్చారు, తొక్కడానికి చోటివ్వలేదు. ‘రోడ్డు మంచిది కాదమ్మా’ అని ఇంట్లో ఒక్క మాట అంటే చాలు, ఆ సైకిలు పశువుల పాకలో చేరుతుంది. ఒక్కోసారి చదువు కూడా దాని పక్కకే చేరుతుంది.

మా ఊరికి టొరంటో దారులు అక్కర్లేదు. బడి వేళల్లో, అంటే పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర, రోడ్డుకి ఒక పక్కన బండ్లు ఆపకుండా ఉంటే చాలు. సరుకు లారీలు రాత్రిపూట దింపుకోవచ్చు. బస్సెక్కేవాళ్ల బండ్లకు బస్టాండు దగ్గర ఓ స్టాండు ఉంటే షాపుల ముందు సగం ఖాళీ అవుతుంది. రాకపోకలకు అడ్డంగా బండి వదిలేయడం తప్పని 1988 మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. కొత్త చట్టమేమీ అడగడం లేదు.

సైకిలు సాగడానికి కావలసింది మూడడుగుల చోటు. అడిగింది మూడడుగులే కదా అని ఇస్తే బలిచక్రవర్తికి పట్టిన గతే పడుతుందేమోనని మా దుకాణదారుల బెంగ. పాపం, ఈ వామనుడు పెరిగేవాడు కాదు. మహా పెరిగితే పదో తరగతి పాసవుతాడు.

మొన్న అటుగా వెళుతుంటే చూశాను. మా మిత్రుడి షాపు ముందు ఎనిమిది బండ్లే ఉన్నాయి. తన బండి పక్క సందులో పెట్టుకున్నాడు.