గర్జించే కారు, మగతలో బిడ్డ

కారు గర్జించాలన్న మోజుతో కొందరు ఇంటి ముంగిటనే జాకీ ఎక్కించి, కంపెనీ సైలెన్సర్‌ను కోసివేసి, బజారు గొట్టాన్ని బిగించుకొంటున్నారు. 'నాలుగు బోల్టుల పనే కదా' అని వారి ధీమా.

ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకొంటుంది. అతుకు సరిగా కుదరకపోతే ఆ విషవాయువు కారులోకి చేరగలదు. అప్పుడు కలిగే తలనొప్పిని, వికారాన్ని మీరు ఎండ ప్రభావమనుకొంటారు. వెనుక సీటులోని బిడ్డ మగతను నిద్ర అనుకొంటారు. వేలికి తగిలించే ఆక్సీమీటరు సైతం అంతా సవ్యంగానే ఉన్నట్లు చూపుతుంది.

కెటాలిటిక్ కన్వర్టర్‌ను కూడా పీకివేసేవారు ఆ విషాన్ని వీధికంతటికీ పంచుతున్నారు. నివాస ప్రాంతాలలో రాత్రివేళ శబ్ద పరిమితి 45 డెసిబెల్స్ మాత్రమే. గుండె జబ్బుతో పడుకొన్న వృద్ధుడికి మీ గర్జన దేనికి?

'నా కారు, నా ఇష్టం' అంటారా? కారు మీదే, గాలి అందరిదీ. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ ఇందుకు 10,000 రూపాయల వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు విధిస్తుంది.

తుప్పు పట్టిన గొట్టాన్ని మార్చక తప్పదా? కంపెనీ ప్రమాణాలకు తగినదాన్ని వర్క్‌షాపులో వేయించి, లీకు లేదని రూఢి చేసుకోండి. ప్రయాణంలో ఇద్దరికి ఒకేసారి తల తిరిగితే కారు ఆపి, అందరూ బయటికి వచ్చి, వెంటనే 108కి ఫోను చేయండి.