పందెపు గుర్రమునకు మేత ఎక్కడిది?



గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి గుర్రము అనగానే మొదట జ్ఞాపకము వచ్చేది కాటన్ దొరగారి గుర్రము. ధవళేశ్వరము బ్యారేజీ వద్ద ఆయన విగ్రహము గుర్రము మీద కూర్చున్నట్లే ఉన్నది. 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ఆనకట్ట దినములలో గట్ల వెంబడి తిరగాలంటే గుర్రమే ఆధారము. తరువాత మన తాతల కాలములో రాజమండ్రి వీధులలో జట్కాబండ్లు నడిచినవి. ఆటోలు వచ్చిన తరువాత జట్కా పోయింది, దానితోపాటు గుర్రమూ పోయింది. ఈనాడు మన పల్లెలలో గుర్రము కనబడేది పెండ్లి ఊరేగింపులోను, అక్కడక్కడ తీర్థములలోను మాత్రమే. తుని దాటి అనకాపల్లి వైపు వెళితే ఊరి పండుగలలో ఎడ్లబండ్ల పరుగుతో పాటు గుర్రముల పరుగు కూడ పెడుతుంటారు.

గృహస్థుల కొరకైన ఈ శీర్షికలో గుర్రముల సంగతి ఎందుకని మీరు అడుగవచ్చును. కొన్ని నెలల క్రిందట మా సంఘములోని ఒక యౌవనస్థుడు సాయంకాలము మా ఇంటికి వచ్చాడు. అతనికి రెండు గుర్రములు ఉన్నవి. తీర్థములలో పరుగెత్తించి బహుమతులు కూడ తెచ్చుకున్నాడు.

"అయ్యగారూ, నాన్నగారి మూడెకరాల చేను చదును చేయించి గుర్రాలకు తర్ఫీదు ఇచ్చే ట్రాకు వేద్దామనుకుంటున్నామండి. మేం నలుగురం కలిశాం. ముందు పది గుర్రాలు పెడతాం. తరవాత మన దగ్గరే పెద్ద పందేలు నడిపిస్తామండి. మీరొచ్చి ప్రార్థన చేసి మొదలుపెట్టించాలి" అన్నాడు.

అతని వెనుకనే తల్లి వచ్చి గుమ్మము దగ్గర నిలబడి ఉన్నది. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. చీరకొంగు నోటికి అడ్డము పెట్టుకొని మా ముఖము వైపు చూచుచున్నది. ఆ మూడెకరములే ఆ ఇంటికి అన్నము.

మాకు గుర్రము మీద ద్వేషము లేదు. యోబు గ్రంథము 39వ అధ్యాయములో దేవుడే గుర్రము బలమును, దాని ధైర్యమును గూర్చి ఎంత సంతోషముగా మాట్లాడినాడో చదువుకొనండి. గనుక ఆ కుర్రవానిని గద్దించుటకు మాకు మనస్సు రాలేదు. "కూర్చో బాబూ. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి లెక్క చూచుకోవాలని లూకా 14లో ప్రభువు చెప్పలేదా? మనమూ చూద్దాము" అని కాగితము, కలము ఇచ్చాము.

మొదటిది భూమి. గుర్రము తిన్నగా పరుగెత్తుటకు 600 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు కావాలనుకుంటే 12,000 చదరపు మీటర్లు, అనగా ఇంచుమించు మూడెకరములు. కాని మూడెకరముల చేను 600 మీటర్ల పొడవున ఎక్కడ ఉంటుంది? మధ్యలో పొరుగువారి గట్టు వస్తుంది, బోదె వస్తుంది. పట్నములలో వలె మైలు చుట్టుకొలతతో గుండ్రని ట్రాకు వేయాలంటే దాని లోపల పడే నేలే సుమారు 50 ఎకరములు. పైగా మనది నల్లరేగడి. వానకు బురద, ఎండకు నెరియలు. గుర్రము కాలు విరగకుండ పరుగెత్తాలంటే ఇసుక పోయించి, నీరు నిలువకుండ మురుగు కాలువలు తీయించాలి. ఒకసారి ఇసుక పోసిన చేను మరల సార్వా, దాళ్వా పండే చేనుగా మారుట సులభము కాదు.

రెండవది మేత. పరుగు గుర్రము సుమారు 450 నుండి 500 కిలోల బరువు ఉంటుంది. గడ్డి, దాణా కలిపి దినమునకు 10 కిలోలైన కావాలి. పది గుర్రములకు దినమునకు 100 కిలోలు, సంవత్సరమునకు 36,500 కిలోలు. మన గేదెలకు వేసే ఎండు వరిగడ్డితో గుర్రము పందెము పరుగెత్తదు. మంచి పచ్చగడ్డి, ఓట్లు, ఉలవ గుగ్గిళ్లు పెట్టాలి. పందెము ఉన్న దినమున తిన్నట్లే పందెము లేని దినమునను అది తింటుంది.

మూడవది సంరక్షణ. సైసులకు జీతము ఇవ్వాలి. నాలుగు నుండి ఆరు వారములకు ఒకసారి లాడములు మార్చాలి. గుర్రమునకు వాంతి చేసుకొనే శక్తి లేదు. కడుపునొప్పి పట్టిందంటే కొన్ని గంటలలో ప్రాణము మీదికి వస్తుంది. ఆవులకు, గేదెలకు వైద్యము చేయుటలో అలవాటు పడిన మన పల్లె పశువుల డాక్టరుగారిని అర్ధరాత్రి లేపితే ఆయన మాత్రము ఏమి చేయగలరు?

ఖర్చు వ్రాయుట అయినది. ఆదాయము అని వ్రాసిన తరువాత ఆ కుర్రవాని కలము ఆగిపోయింది. "తీర్థంలో బహుమతులు వస్తాయి కదండీ" అన్నాడు. ఏడాదిలో తీర్థములు ఎన్ని? ఒక పరుగులో గెలిచే గుర్రము ఒక్కటే గదా, మిగిలిన తొమ్మిదింటికి మేత ఎవరు పెట్టుదురు? అతడు తల వంచుకొని, "పెద్ద పందేలయితే కాసేవాళ్లు వస్తారండి" అన్నాడు. అసలు సంగతి అప్పటికి బయటపడింది.

పాఠకులారా, గుర్రపు పందెము ఎక్కడ నిలబడినను దాని క్రింద ఇంకొకరి డబ్బు ఉండి తీరవలెను. హైదరాబాదు మలక్‌పేటలో ఆరవ నిజాము కాలములో, 1886లో పందెములు ఆరంభమైనవి. అక్కడ మొదట పోషకుడు నిజాము. ఈనాడు అటువంటి క్లబ్బులకు ప్రధానమైన రాబడి, కాసిన పందెము సొమ్ములో పట్టుకొనే భాగమే. గల్ఫునకు వెళ్లిన మన కోనసీమ వారిని, నరసాపురము వారిని అడగండి. దుబాయిలో 1996 నుండి ప్రపంచములోని మిక్కిలి గొప్ప బహుమతులు గల గుర్రపు పందెములలో ఒకటి జరుగుచున్నది. ఆ మైదానములో డబ్బు కాయనివ్వరు. మరి అది ఎట్లు సాగుచున్నది? అక్కడి పాలకుల ధనము దాని వెనుక ఉన్నది. మన పల్లెలో నిజాము లేడు, షేకు లేడు. ఇక మిగిలేది కూలివాని జేబే.

చట్టము కూడ చూడవలెను. మన ఆంధ్రప్రదేశ్‌లో అమలులో ఉన్న 1974 నాటి గేమింగ్ చట్టము ప్రకారము, లైసెన్సు పొందిన రేసుకోర్సు ఆవరణలో, పందెము జరుగు దినముననే కాసిన డబ్బునకు మాత్రమే మినహాయింపు. రాష్ట్రము విడిపోయిన తరువాత మలక్‌పేట తెలంగాణలో ఉన్నది. మనవైపు అటువంటి రేసుకోర్సు లేదు. గనుక మన చేలో కాసే ప్రతి రూపాయి నేరమే. గుర్రపు పందెము నైపుణ్యముతో కూడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన మాట నిజము. తమిళనాడు ప్రభుత్వము 1974లో చేసిన నిషేధము గూర్చిన వ్యాజ్యములో వచ్చిన తీర్పు అది. కోర్టు చెప్పినది చట్టమును గూర్చి. ఇంటిలో బియ్యపు డబ్బా ఖాళీ అయిన సంగతి కోర్టు ముందుకు రాదు.

ఆ డబ్బా ఎట్లు ఖాళీ అగునో చూడండి. నూరుమంది తలకు నూరు రూపాయలు కాశారనుకొనండి, పదివేలు అయినది. గెలిచినవారికి పంచకముందే అందులోనుండి క్లబ్బు భాగము, ప్రభుత్వపు పన్ను పోవును. కాసిన పూర్తి సొమ్ము మీద జి.ఎస్.టి. ఇదివరకు 28 శాతము ఉండగా, 2025 సెప్టెంబరు 22 నుండి 40 శాతము చేశారు. గనుక కాసినవారందరిని ఒక కుటుంబముగా ఎంచితే, ప్రతి పరుగులోను ఆ కుటుంబము పోగొట్టుకొనుచునే ఉంటుంది. ఒకడు నవ్వుచు ఇంటికి పోవుటకు చాలమంది ఏడ్చుచు పోవలెను.

ఇంత డబ్బు కాసినను పెద్ద క్లబ్బులే నిలువలేక పోవుచున్నవి. 1842లో స్థాపింపబడిన సింగపూరు టర్ఫ్ క్లబ్బు 2024 అక్టోబరు 5న ఆఖరి పందెము నడిపి మానివేసినది. ఆ నేల ఇండ్ల కొరకు ప్రభుత్వమునకు తిరిగి పోవుచున్నది. మకావులో 2024 మార్చి నెలాఖరుతో పందెములు ఆగిపోయినవి. అదే సంవత్సరము తమిళనాడు ప్రభుత్వము ఊటీ రేసుకోర్సు నేలను స్వాధీనము చేసికొని, మదరాసు గిండీ రేసుకోర్సు కౌలును రద్దు చేసినది, వ్యాజ్యములు నడిచినవి. మహానగరములలో ఇట్లుండగా మూడెకరముల చేలో అది ఎట్లు నిలుచును?

ఇక గుర్రము సంగతి. అది రెండేండ్ల వయస్సులో పరుగు మొదలుపెట్టి ఏడెనిమిదేండ్లకు మానును. దాని ఆయుష్షు పాతిక ముప్పది ఏండ్లు. మిగిలిన ఇరువది సంవత్సరములు దానికి ఎవరు మేత పెట్టుదురు? 2025లో హైదరాబాదు నుండి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్‌నకు తరలించిన గుర్రములలో అనేకము చనిపోయిన వార్త పత్రికలలో చదివి మేము చాల బాధపడితిమి. నీతిమంతుడు తన పశువు ప్రాణమును లక్ష్యపెట్టునని సామెతల గ్రంథము 12వ అధ్యాయము బోధించుచున్నది గదా.

ఇవన్నియు చెప్పి, "బాబూ, దీనికి మేము ప్రార్థన చేయలేము" అన్నాము. అతని ముఖము ఎఱ్ఱబడింది. "మన కోతపండుగలో లక్కీ డిప్పు పెట్టలేదా అయ్యగారూ? పది రూపాయల చీటీకి కుక్కరు వస్తుందని మైకులో మీరే చెప్పారు. అప్పుడు ప్రార్థన కూడ చేశారండి" అని లేచిపోయాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అతడు అన్నదానిలో అబద్ధము లేదు. యోహాను సువార్త 19వ అధ్యాయములో సిలువ క్రింద సైనికులు ప్రభువు అంగీ కొరకు చీట్లు వేసికొనిన సంగతి ఎన్నో మంచి శుక్రవారములు ప్రసంగించితిమి. అదే నోటితో మందిరము ఆవరణలో చీట్లు అమ్మితిమి. మంచి పనికే గదా అనుకొంటిమి. ఆ ట్రాకు వేయదలచినవారును అట్లే అనుకొనియుందురు. మరుసటి వారము సంఘ పెద్దలతో మాట్లాడి లక్కీ డిప్పు మాన్పించాము. ఆదివారము సంఘము ఎదుట మా తప్పు ఒప్పుకొన్నాము. ఈ సంవత్సరము కోతపండుగ రాబడి కొంచెము తగ్గినది. తగ్గనివ్వండి.

ఆ కుర్రవాడు రెండు ఆదివారములు మందిరమునకు రాలేదు. తల్లి ఒక్కతే వచ్చి వెనుక కూర్చొని పోయింది. మూడవ ఆదివారము ఆరాధన అయిన తరువాత అతడు వచ్చి నిలబడ్డాడు. "వాళ్లతో తేల్చి మాట్లాడానండి. డబ్బు కాయడం లేకుండా పందేలు పెడదామన్నాను. అలాగయితే రూపాయి కూడ పెట్టమన్నారండి" అన్నాడు. అంతకంటె వివరణ అక్కరలేకపోయింది.

చేను ఈ సార్వాకు మరల ఊడ్చారు. ఒక గుర్రమును అమ్మివేసినాడు. రెండవదానిని పెండ్లి ఊరేగింపులకు పంపుచున్నాడు; సాయంకాలము బడి పిల్లలను ఎక్కించుకొని గట్టు మీద త్రిప్పుచున్నాడు. ఆ డబ్బు మేతకు సరిపోవుచున్నది, అతని కూలికి చాలదు. గనుక పగలు ట్రాక్టరు తోలుచున్నాడు. ఆ గుర్రము ముసలిదైనను తన దగ్గరే ఉంచుకొంటానని తల్లికి మాట ఇచ్చాడట.

ప్రియ తలిదండ్రులారా, సంక్రాంతి మూడు దినములు భీమవరము చుట్టుప్రక్కల కోడిపందెముల బరులలో ఏమి జరుగునో మీకు మేము చెప్పనక్కరలేదు. 2016లో హైకోర్టు ఉత్తరువు ఇచ్చినను అవి ఆగలేదు. కౌలు సొమ్ము బరిలో పోగొట్టుకొని, ఇల్లాలి చెవి కమ్మలు తాకట్టు పెట్టిన ఇండ్లకు మేము ప్రార్థనకు వెళ్లియున్నాము. కోడి పోయి గుర్రము వచ్చినంత మాత్రమున ఆ కమ్మలు తిరిగి రావు.

మీ పిల్లలు ఏ క్రొత్త వ్యాపారముతో వచ్చినను వెంటనే కోపపడకండి, వెంటనే దీవించకండి. కాగితము, కలము ఇచ్చి దగ్గర కూర్చోబెట్టుకొనండి. ఖర్చు వ్రాయించండి. తరువాత ఆదాయము ఎవరి చేతిలోనుండి వచ్చునో, ఇచ్చినవాడు సంతోషముగా ఇంటికి పోవునో లేదో అడగండి. ఆ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతే, లాభము ఎంత కనబడినను ఆ పని మన ఇంటికి తగినది కాదు. మరి ఒక మాట. పిల్లలు మన తప్పు ఎత్తి చూపినప్పుడు వినండి. మేము ఆలస్యముగా నేర్చుకొంటిమి.

ప్రభువు మీ గృహములను, మీ కష్టార్జితమును, మీ కొట్టములోని మూగజీవులను దీవించి కాపాడును గాక. ఆమేన్.