కాలవ గట్టున ఇల్లు: ప్రేమ, పద్దు

మొత్తానికి మేమూ ఇల్లు కొన్నామండీ. ఆంస్టర్‌డాంలో, ఊరి నడిబొడ్డున, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ అనే కాలవ గట్టు మీద. మూడొందల ఏళ్ళు దాటిన నాలుగంతస్తుల ఇంట్లో ఒక అంతస్తు మాది. 118 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో సుమారు 1270 అడుగులు. ఏజెంటు దీన్ని "చాలా విశాలమైన ఇల్లు" అన్నాడు. హైదరాబాదులో ఉన్న మా బావమరిది అది విని ఫోన్లోనే పగలబడి నవ్వాడు.

"మిలియన్ యూరోలకి అటూ ఇటూగా పోసి పాత కొంప కొంటారా, మతుందా?" అని ఇక్కడి మన వాళ్ళూ అడిగారు. నా జవాబు ఒకటే. పాత ఇల్లు కొనడం తప్పు కాదు. కిటికీలోంచి కనిపించే కాలవని చూసి కొనడం తప్పు. దాని లెక్కల పుస్తకం చూసి కొనాలి.

ఈ తెలివి నాకు మొదట్లో లేదు. మొదట చూసిన ఇల్లు ఇంతకన్నా అందంగా ఉండేది. ఎత్తైన కప్పు, నిలువెత్తు కిటికీలు, కింద నీళ్ళలో మేడల నీడలు. 1613లో తవ్వడం మొదలుపెట్టి, 2010లో యునెస్కో జాబితాకెక్కిన కాలవలు మరి! మా ఆవిడ కిటికీ దగ్గర నిలబడి నోట మాట లేకుండా చూస్తోంది. ఆవిడ మాట్లాడలేదంటే సంతకం అయిపోయినట్టే. ఇంతలో మా అమ్మాయి జేబులోంచి గోళీ తీసి నేల మీద పెట్టింది. అది తనంతట తనే దొర్లుకుంటూ వెళ్ళి ఎదుటి గోడకి కొట్టుకుంది.

ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను. ఈ ఊరు బురద మీద కట్టింది. పాత ఇళ్ళన్నీ సుమారు 12 మీటర్ల లోతున ఉన్న ఇసుక పొర దాకా దిగ్గొట్టిన చెక్క దుంగల మీద నిలబడ్డాయి. డాం చౌరస్తాలో ఉన్న రాజభవనం కింద 13,659 దుంగలున్నాయని చెబుతారు. దుంగ పూర్తిగా నీళ్ళలో మునిగి ఉన్నంత కాలం వందల ఏళ్ళైనా ఉంటుంది. భూగర్భ జలం దిగి, దాని తలకి గాలి తగిలిందా, బూజు పట్టి పుచ్చిపోతుంది. అంటే మన ఇంటికి శత్రువు నీళ్ళు, ఈ ఇంటికి శత్రువు నీళ్ళు లేకపోవడం. నేల వాలిన ప్రతి ఇల్లూ పడిపోదు, ఎప్పుడో వాలి అక్కడే ఆగిపోయినవీ చాలా ఉన్నాయి. ఇంకా వాలుతోందా అన్నదే ప్రశ్న.

అక్కడే యజమానుల సంఘం సంగతి వస్తుంది. ఈ దేశంలో అపార్ట్‌మెంటు కొంటే ఆ భవనపు సంఘంలో సభ్యులవడం తప్పనిసరి. మరమ్మతుల నిధికి ప్రతి ఏడూ కొంత దాచాలని 2018లో చట్టం కూడా వచ్చింది. మొదటి ఇంటి సంఘం మీటింగు మినిట్స్ తెప్పించి చదివితే, "పునాది విషయం వచ్చే ఏడు చూద్దాం" అని వరసగా మూడేళ్ళు రాసుకున్నారు. నిధిలో డబ్బు చూస్తే ఒక వైపు గోడకి రంగులకి కూడా చాలదు. మా ఆవిడ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు గానీ, వదిలేశాం.

ఇప్పుడు కొన్న ఇంట్లో యజమానులు నలుగురు. పునాది కొన్నేళ్ళ క్రితమే మార్పించారు, రసీదులతో సహా చూపించారు. రాబోయే పదేళ్ళలో ఏ ఏడు కప్పు, ఏ ఏడు కిటికీలు అని ప్లాను రాసి పెట్టుకున్నారు. అయినా తనిఖీ షరతు పెట్టే ఆఫరిచ్చాం. షరతులుంటే అమ్మేవాళ్ళు ముఖం తిప్పుకుంటారని ఏజెంటు భయపెట్టాడు. తిప్పుకోనీ అన్నాం. తిప్పుకోలేదు.

కష్టాలు లేవా అంటే, ఉన్నాయి. బ్యాంకు ఇంటి విలువకి మించి అప్పివ్వదు. 2 శాతం బదిలీ పన్ను, నోటరీ ఫీజు మన జేబులోంచే పోతాయి. రక్షిత కట్టడం కాబట్టి కిటికీ అద్దం మార్చాలన్నా అనుమతి కావాలి. లిఫ్టు లేదు, మెట్లు నిచ్చెనలా ఉంటాయి. బీరువా, మంచాలు ఇంటి నెత్తిన ఉన్న కొక్కేనికి తాడు కట్టి కిటికీలోంచి లాగాం.

కొన్నామని చెప్పడానికి నాన్నకి ఫోన్ చేశాను.

"ఎన్నేళ్ళ ఇల్లురా?" అన్నారు.

"మూడొందలు దాటాయి నాన్నా."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మనది తొంభై ఏళ్ళకే పాతదైపోయింది కదరా," అన్నారు.

కోనసీమలో మా తాతగారి మండువా లోగిలి కూడా కాలవ గట్టు మీదే ఉండేది. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే నీళ్ళ కాలవ అది. వాటాదార్లు అక్కడా నలుగురే: నాన్న, ముగ్గురు బాబాయిలు. పెంకులు జారాయి, దూలాలకి చెద పట్టింది. నేను ముందు పెడితే నాకేంటి లాభం అని ఎవరికి వాళ్ళే ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను. 2016లో బిల్డరుకి ఇచ్చేశాం. నాన్న తన వాటా అంతకు ముందే నా పేర రాశారు కాబట్టి, హేగ్‌లో మన ఎంబసీకి వెళ్ళి పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం పెట్టింది నేనే. సెలవు పెట్టి మరీ వెళ్ళాను.

డచ్చి వాళ్ళకి పాత ఇళ్ళంటే ప్రేమ, మనకి లేదు అని తేల్చేస్తుంటారు. నేనొప్పుకోను. ఆ ఇంటి మీద మా నాన్నకున్న ప్రేమ నా కింది అంతస్తు ఆయనకి ఈ ఇంటి మీద ఉండదు. ఆయన నెల నెలా డబ్బు కడతాడు, అంతే. కట్టకపోతే సంఘం ఊరుకోదు. ఇల్లు నిలబడింది ఆ పద్దు మీద. మా లోగిలికి ప్రేమ ఉంది, పద్దు లేదు.

అందుకని ఊళ్ళో ఉమ్మడి ఇల్లు ఉన్నవాళ్ళకి ఒక్క మాట. మనసులో మాట తర్వాత, ముందు అన్నదమ్ములంతా కలిసి బ్యాంకులో ఒక జాయింటు ఖాతా తెరవండి. నెలకి వెయ్యి రూపాయలైనా సరే, వెయ్యండి. నేను పదిహేనేళ్ళ కిందట ఆ పని చేసుంటే, ఈ వేసవికి నాన్న ఈ నిచ్చెన మెట్లు ఎక్కాల్సిన పని ఉండేది కాదు. మేమే అక్కడికి వెళ్ళేవాళ్ళం.