పిల్ల పేరు ఎక్కిందా?

మేడ్చల్‌లనో శామీర్‌పేటలనో నలుగురు కూసున్నరంటే ముచ్చట ప్లాట్ల ధరల కాడ మొదలై పిల్లల సదువుల కాడికి వస్తది. పిల్లకు పెద్ద జబ్బొస్తే పైసలెట్ల అన్నది మాత్రం ఎవరూ తీయరు, అశుభమంటరు. జర ఆ భయం పక్కన పెట్టుండ్రి, ఇయ్యాల గదే మాట్లాడుకుందాం.

మొదలు ఆరోగ్యశ్రీ. 2007ల మొదలైంది. మన తెలంగాణల 2023 డిసెంబర్ 9 నుంచి ఇంటికి ఏడాదికి 5 లక్షలున్న వైద్యం హద్దు 10 లక్షలైంది. పసిపిల్లల గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ వైద్యం దీంట్ల ఉన్నయి. దవాఖానకు పోంగనే అక్కడ ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్రను కలవాలె, బిల్లు కౌంటర్‌కు తర్వాత. అయితే దీనికి ఆధారం రేషన్ కార్డు. ఏండ్ల తరబడి ఆగిన కొత్త కార్డులు, కొత్త పేర్లు 2025ల మళ్ల షురూ అయినయి. ఆ నడుమ పుట్టిన పిల్లల పేర్లు ఎక్కినయా? లేకుంటే మీసేవకు పోవాలె.

తుర్కపల్లి మందుల కంపెనీలల్ల, మేడ్చల్ ఫ్యాక్టరీలల్ల 21 వేల లోపు జీతగాళ్లకు ఈఎస్ఐ ఉంటది. 18 వేల జీతంల కోసేది నెలకు 135 రూపాయలే. ఇంటోళ్ల వైద్యానికి ఇంతేనన్న హద్దు లేదు. పెద్ద జబ్బులకు సనత్‌నగర్‌ల పెద్ద దవాఖాన ఉన్నది. పెండ్లి గాకముందు కొలువుల చేరినోళ్లు పిల్లల పేర్లు తర్వాత ఎక్కించుకోవాలె, గదే మర్చిపోతరు.

జీతం ఎక్కువున్నోళ్లకు కంపెనీ పాలసీ ఉన్నదన్న ధీమా. కొలువు పోతే అది గూడ పోతది. బిడ్డ మంచాన పడితే తల్లో తండ్రో కొలువిడిసి దగ్గరుండాల్సి వస్తది, పాలసీ చేజారేది సరిగ్గ గప్పుడే. గందుకే చేతనైతే సొంత పాలసీ ఒకటి తీసుకోవాలె, పిల్ల మంచిగున్నప్పుడే. చాన పాలసీలల్ల పసిగుడ్డుకు 91వ రోజు నుంచి కవర్. ముందే ఉన్న జబ్బుకు మూడేండ్ల దాక ఆగమనొచ్చు. జబ్బు దాచి తీసుకుంటే క్లెయిమ్ కొట్టేస్తరు, ఉన్నదున్నట్టు రాయాలె. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగ తీసుకునే ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ గూడ లేదు.

ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్‌ను అన్యాయంగ కాదంటే ముందు వాళ్లకే రాసియ్యాలె. నెల రోజులల్ల తేల్చకుంటే హైదరాబాద్‌లనే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నడు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఇంకొక మాట. నిలోఫర్ పిల్లల దవాఖానకు తిరిగే బస్సు కిరాయి, పోయిన కూలి, బయట తిండి, ఇవి ఏ కార్డుల రావు. గీ చిల్లర ఖర్చుల కాడ గూడ ఇండ్లు అప్పుల పడొచ్చు. నెలకింత పక్కన పెట్టుకోండ్రి. చుట్టాలు చూడొచ్చినప్పుడు పండ్లకు బదులు నాలుగు పైసలు చేతుల పెడితే ఆ తల్లికి ఎంతో ఆసరా.

అక్కా, అన్నా, పేరు ఎక్కిచ్చుడు ఇయ్యాల అయితే వట్టి కాగితం పని. బిడ్డను ఐసీయూల పెట్టి ఆఫీసుల సుట్టు తిరుగుడు ఏ తండ్రికీ రావొద్దు. ఈ వారంలనే చూసుకోండ్రి.