గాలికి ముందు లేచేవి అంచు రేకులే

విశాఖపట్నం: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకిడికి ఇక్కడి విమానాశ్రయం పైకప్పే దెబ్బతిన్నది. గోదాముల, దుకాణాల యజమానులు దాని నుంచి నేర్వవలసింది ఉన్నది.

వాలు తక్కువగా ఉన్న కప్పును గాలి కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. ఈ లాగుడు అంచుల్లో, మూలల్లో మరీ ఎక్కువ. భారత ప్రమాణాల ప్రకారం విశాఖలో లెక్కకు తీసుకోవలసిన గాలి వేగం గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. ఇనుప రేకు బరువు అందులో ఇరవయ్యో వంతైనా ఉండదు. వేడి ఆపే ఫోము పలకలు చేర్చినా బరువు పెద్దగా పెరగదు. కప్పును నిలిపేవి బోల్టులే.

కప్పంతటా ఒకే ఎడంలో బోల్టులు వేస్తే చాలదు. అంచుల్లో, మూలల్లో దగ్గరదగ్గరగా బిగించాలి. సముద్రపు గాలికి తుప్పుపట్టినవాటిని అక్టోబరుకు ముందే మార్చాలి. బోల్టుల దగ్గర పొదుపు చేస్తే, ఊడి ఎగిరిన రేకు దారినపోయేవారి ప్రాణం తీయగలదు.